నీలి ఆకుల దుప్పటి

మూడో తరగతిలో డ్రాయింగు పరీక్ష. చెట్టు బొమ్మ వేయమన్నారు. కాండానికి ఎరుపు, ఆకులకు నీలం పూసి ఇచ్చాను. మాస్టారు దానిమీద పెద్ద ఇంటూ గుర్తు కొట్టి, ‘నీలం ఆకులు ఎక్కడ చూశావే?’ అన్నారు. ‘మా అమ్మమ్మ దుప్పట్లో’ అన్నాను. క్లాసంతా ఒకటే నవ్వు! పదికి రెండు మార్కులు.

నేనేం అబద్ధం చెప్పలేదు. గుడివాడ దగ్గర మా అమ్మమ్మ వాళ్లింట్లో, ట్రంకుపెట్టె అడుగున ఓ కలంకారీ దుప్పటి ఉండేది. ‘చీటీ గుడ్డ’ అనేది అమ్మమ్మ. మీగడ రంగు నేల, మధ్యలో మెలికలు తిరిగిన చెట్టు, కొమ్మ కొమ్మకీ వేర్వేరు పూలు, దానిమ్మ కాయలు. ఆకులేమో రంపపు పళ్లలాంటి అంచులతో ఒక పక్కకి వంగి ఉండేవి. అంచులు ముదురు ఎరుపు, లోపలంతా నీలం. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం నిద్రపట్టక నవారు మంచం మీద దొర్లుతూ ఆ ఆకుల్ని లెక్కపెట్టేదాన్ని. ఒక్కసారీ లెక్క తేలేది కాదు.

అమ్మమ్మ పోయాక దుప్పటి అమ్మ దగ్గరికొచ్చింది. 1968లో అమ్మ బారసాలకని తాతయ్య బందరు నుంచి తెచ్చాడట. ఆ తర్వాత మామయ్యల బారసాలలకీ, నాకూ, చెల్లికీ... అందరం దానిమీదే పడుకున్నాం. మొన్న సంక్రాంతికి చెల్లి పురిటికొచ్చింది. అమ్మ పెట్టె తీసి, దుప్పటి విప్పి దులిపిందో లేదో, నడిమధ్యన ‘పర్ర్’మని జానెడు చిరిగింది. అమ్మ కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత నాకేసి చూసి, ‘‘అచ్చం ఇలాంటిదే, ఇదే ఆకుతో కొత్తది వేయించుకురావే. పెడనలో చేస్తారుగా’’ అంది.

ఆఫీసులో సెలవడిగితే మా ఎడిటర్ గారు ‘ఎలాగూ వెళ్తున్నావుగా, ఆదివారానికో కథనం పట్రా’ అన్నారు. అలా అమ్మ పనీ ఆఫీసు పనీ కలిసొచ్చాయి.

ఒకే దారిలో గుడ్డ, నగ, లడ్డూ

విజయవాడలో పొద్దున్నే బందరు వెళ్లే ప్యాసింజరు ఎక్కాను. గుడివాడ దాటాక గుడ్లవల్లేరు, కవుతరం... ఆపైన పెడన. అక్కడ దిగకుండా కూర్చుంటే రోల్డుగోల్డు నగల చిలకలపూడి, చివర్లో లడ్డూల బందరు. కట్టుకోడానికి, పెట్టుకోడానికి, తినడానికి... ఇన్నీ ఒకే రైలుదారిలో దొరికే ఊళ్లు ఇంకెక్కడైనా ఉన్నాయా అనిపించింది. వరి కోసేసిన చేలల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. సంచిలో ఉన్న దుప్పటి మాటిమాటికీ తడిమి చూసుకుంటూ కూర్చున్నా.

పెడనలో వీధులు కళ్లకన్నా ముందు చెవులకు తెలుస్తాయి. ఒక ఇంట్లో మగ్గం టకటకలు. పక్కింట్లో దబ్... దబ్... అని అచ్చు మీద పిడికిలి దెబ్బలు. గోనెపట్టాలు పరిచిన పొడుగాటి బల్లలు, వాటిమీద గుడ్డ. అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, వెనక పిడికిలితో ఒక్క గుద్దు. ఎత్తి పక్కన పెట్టి ఇంకో గుద్దు.

పేరు కలంకారీయే అయినా ఇక్కడ కలం కనిపించదు. కలం అంటే పర్షియన్ భాషలోనూ కలమే, కారీ అంటే పని. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి చేత్తో బొమ్మలు గీసేది శ్రీకాళహస్తిలో. అక్కడ రామాయణం, భారతం, దేవుళ్లూ. పెడన, బందరు పనంతా చెక్క అచ్చులతోనే. ఇక్కడి దేవుళ్లు తీగలు, పూలు, ఆకులు.

మొదట వెళ్లిన షెడ్డులో అచ్చుల చప్పుడు లేదు. స్క్రీన్లు ఉన్నాయి. యజమాని మంచి మనిషి. కూర్చోబెట్టి టీ ఇప్పించి, దుప్పటిని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. ‘‘మేడం, ఈ ఆకు డిట్టోగా దింపేస్తా. రెండు రోజుల్లో మీ చేతిలో పెడతా. అచ్చు చెక్కించాలంటే నెల పడుతుంది, ఖర్చు మూడింతలు. ఆ తర్వాత ఆ అచ్చు మీకెందుకు పనికొస్తుంది చెప్పండి?’’ అన్నాడు. నాకు జవాబు తోచలేదు. ‘‘ముందు అచ్చులతోనే చేసేవాణ్ని. ఆర్డర్లిచ్చే షాపులవాళ్లకి రేటు తగ్గాలి, గజాలు పెరగాలి. నేనేం చెయ్యను?’’ అని తనే అన్నాడు.

ఆయన చేసేది స్క్రీను పని అని ఆయన దాచలేదు. నా కోపమల్లా ఆ గుడ్డని తీసుకెళ్లి ‘హ్యాండ్ బ్లాక్ కలంకారీ’ అని చీటీ తగిలించి అమ్మే దుకాణాల మీద. కొనేటప్పుడు మీరూ ఓసారి గుడ్డ పరచి చూడండి. అచ్చు పక్కన అచ్చు పడినచోట ఎక్కడో ఒక గీత రెండుసార్లు పడుతుంది, లేదంటే వెంట్రుకవాసి ఖాళీ వస్తుంది. గజాల తరబడి ఏ తేడా లేకుండా ఒకేలా ఉందంటే, అది చేతి పని కాదేమోనని అనుమానించొచ్చు.

మడత విప్పితే...

అచ్చులు చెక్కే పెద్దాయన ఇల్లు ఊరి చివర, కాలువకి దగ్గర్లో. డెబ్భై దాటిన మనిషి. వసారాలో గోడవారగా టేకు దిమ్మెలు, ముందు పీట మీద పాతిక దాకా ఉలులు. కొన్ని ఉలులు పళ్లు కుట్టుకునే పుల్లంత సన్నం. నేను దుప్పటి తీసివ్వగానే కళ్లజోడు పెట్టుకోలేదు. బొటనవేలితో ఆకు అంచును తడిమాడు. తర్వాత వెనక్కి తిప్పాడు.

‘‘మా నాన్న తరం పని. కానీ ఆయన చెయ్యి కాదు. ఆయన ఈనెని మధ్యలో తెంపేవాడు కాదు, మొదలు నుంచి కొస దాకా ఒకే గీత. ఇదెవరో నడుమ తెంపి వదిలారు చూడు, అక్కడ గాలాడినట్టుంటది. మంచి చెయ్యే.’’

‘‘బాబాయ్ గారూ, ఆకులకి నీలం ఎందుకేశారు?’’ అన్నాను. పాతికేళ్లకు పైగా నాలో ఉండిపోయిన ప్రశ్న.

ఆయన నవ్వాడు. ‘‘నీలం ఎందుకేస్తారమ్మా! ఆకు ఆకుపచ్చే. ఈ అంచులు కుట్టిందెవరు?’’

‘‘మా అమ్మమ్మ. చేత్తో కుట్టుకుంది.’’

‘‘ఓ నాలుగంగుళాలు విప్పనా?’’

నేను తలూపాను. చిన్న ఉలితోనే ఒక్కో కుట్టూ తెంపాడు. మడత విప్పి గోటితో దుమ్ము దులిపాడు. లోపల సగం ఆకుంది. నిజంగా ఆకుపచ్చ! లేత మామిడాకు రంగు కాదు, బాగా ముదిరిన జామాకు రంగు. కుట్టు ఉన్న గీత దాకా పచ్చ, అక్కణ్నుంచి నీలం. ఒకే ఆకు.

యాభై ఏళ్లకు పైగా వెలుతురు తగలని చోట, తాతయ్య కొన్నరోజు రంగు అలాగే ఉండిపోయింది!

విషయం ఇదీ. ఈ పనిలో ఆకుపచ్చకంటూ వేరే రంగు లేదు. ముందు నీలిమందుతో నీలం పడుతుంది. దానిమీద కరక్కాయ పువ్వు నుంచో దానిమ్మ తొక్కల నుంచో తీసిన పసుపు వేస్తే రెండూ కలిసి ఆకుపచ్చగా కనిపిస్తాయి. నీలిమందు మొండి రంగు. ఎండలకీ ఉతుకులకీ లొంగదు. పటిక మీద పట్టిన ఎరుపూ అంతే. పసుపు మాత్రం సుకుమారం. వెలుతురు తగిలేకొద్దీ ఏటా కొంచెం కొంచెం ఎగిరిపోతుంది. చివరికి నీలం ఒక్కటీ మిగులుతుంది. మా ఇంట్లోనే కాదు, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అద్దాల వెనక దాచిన మన కోరమాండల్ తీరం దుప్పట్లలోనూ చాలా చెట్లకి ఇప్పుడు నీలం ఆకులే.

‘‘మన మాటలోనే ఉంది కదమ్మా. పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. పచ్చ పోయింది, ఆకు మిగిలింది’’ అన్నాడు పెద్దాయన, ఉలి తుడుచుకుంటూ.

అక్కడి నుంచే అమ్మకి వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి చూపించాను. అమ్మ ఫోన్ని కళ్లకి బాగా దగ్గరగా పెట్టుకుంది. నాకు ఆవిడ నుదురొక్కటే కనబడింది. ‘‘ఇది నా బారసాలనాటి రంగా?’’ అని రెండుసార్లు అడిగింది. తర్వాత, ‘‘ఆయన్నడిగి మిగతా ఆకులకీ పసుపు నింపించెయ్యవే, మళ్లీ కొత్తదైపోద్ది’’ అంది.

ఎవరి ఆకు?

ఇంతకీ ఈ రంపపు అంచు ఆకు ఏ చెట్టుది? నాకు తెలిసిన ఏ చెట్టుదీ కాదు. వేపాకులా ఉందనుకుంటే మరీ వెడల్పు, ఈకలా ఉందనుకుంటే ఈనెలున్నాయి. పెద్దాయన్ని అడిగితే ‘అచ్చాకు’ అనేశాడు.

దాని పుట్టు పూర్వోత్తరాలు వెతికితే సముద్రం దాటాల్సొస్తుంది. గోల్కొండను కుతుబ్‌షాహీలు ఏలిన రోజుల్లో మచిలీపట్నం వాళ్ల పెద్ద రేవు. పర్షియా నుంచి ఓడలొచ్చేవి. వాటితోపాటే అక్కడి తోటలూ, తీగలూ, మెలితిరిగిన పొడుగాటి ఆకులూ మన గుడ్డమీదికొచ్చాయి. 1605లో డచ్చివాళ్లొచ్చారు. 1611లో ఇంగ్లిషువాళ్లు ‘గ్లోబ్’ అనే ఓడలో దిగారు. మొదట్లో వాళ్లు ఈ గుడ్డల్ని ఆగ్నేయాసియా దీవులకి పట్టుకెళ్లి మిరియాలకీ లవంగాలకీ మారకం వేసేవాళ్లు. తర్వాత సొంతూళ్లకే పంపడం మొదలెట్టారు. అక్కడి కొనుగోలుదార్ల అభిరుచులూ వెంటే వచ్చాయి. ఎర్ర నేల మాకు నచ్చడంలేదు, తెల్ల నేల ఎక్కువగా ఉండి మధ్యలో రంగురంగుల పూలు, కొమ్మలు ఉండాలి అంటూ 1643లో లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు సూరత్‌లో ఉన్న తమవాళ్లకి ఉత్తరం రాశారు. అంటే పర్షియా ఆకు, తెలుగు చెయ్యి, లండన్ నేల!

ఉతికినా పోని రంగుల గుడ్డ అప్పటి ఐరోపాకి పెద్ద వింత. ఎంతగా ఎగబడ్డారంటే, అక్కడి నేతగాళ్లు మా నోట్లో మట్టి కొడుతున్నారని గోల పెట్టారు. ఫ్రాన్స్ 1686లో ఈ గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లాండ్ 1700లో ఓ చట్టం, అది చాలక 1721లో మరో చట్టం తెచ్చింది. అయినా దొంగచాటుగా తెచ్చుకుని కట్టుకునేవాళ్లు కట్టుకుంటూనే ఉన్నారు. ఫ్రాన్స్ 1759లో నిషేధం ఎత్తేసింది. ఇంగ్లిషులో దీన్ని ‘చింట్జ్’ అంటారు. అమ్మమ్మ అన్న చీటీ గుడ్డే అది.

ఆ తర్వాత మిల్లు గుడ్డలొచ్చాయి, రసాయన రంగులొచ్చాయి. 1864 నవంబరులో ఉప్పెన వచ్చి బందరునూ చుట్టుపక్కల ఊళ్లనూ ముంచేసింది. సుమారు 30 వేల మంది పోయారు. అన్ని దెబ్బలు తిన్న పని ఇంకా బతికుండటమే నాకు ఆశ్చర్యం.

రావి ఆకు పనికిరాదు

అచ్చు చెక్కడానికి వారం పడుతుందన్నాడు పెద్దాయన. చెట్టు కాండానికీ పూలకీ ఉన్న అచ్చులు సరిపోతాయి, ఈ ఆకు ఒక్కటే కొత్తగా చెయ్యాలి. దానికీ రెండు దిమ్మెలు. అంచులూ ఈనెలూ ఒకదాని మీద, లోపలి రంగు నింపడానికి ఇంకోటి. ‘నేనూ ఓ ఆకు వేసి చూడొచ్చా?’ అని అడిగాను. ‘‘వెయ్యమ్మా, ఆకు వెయ్యడానికేం?’’ అన్నాడు. ఆ మాటలో ఎకసెక్కం ఉందని తర్వాత తెలిసింది.

కాలువ గట్టు మీద రావిచెట్టు ఉంటే ఓ మంచి ఆకు కోసుకొచ్చి, గంటసేపు కూర్చుని ఈనె ఈనె చూసి గీశాను. నాకైతే ముచ్చటేసింది. ఆయన కాగితం తీసుకుని ఎడంగా పెట్టి చూశాడు. ‘‘బావుంది. చెట్టుకి వేలాడదీసుకోవచ్చు’’ అన్నాడు.

ఆ తర్వాత చెప్పాడు. రావి ఆకుకి అందమంతా తోకలో ఉంది. చెక్కలో ఆ తోక నిలవదు, నాలుగు గుద్దులకి ఊడిపోతుంది. నేను గీసిన ఈనెలన్నీ అచ్చులో పెడితే రెండు ఈనెల మధ్య సందులో రంగు పేరుకుని ముద్ద అయిపోతుంది. పైగా నా ఆకు కాగితం మధ్యలో ఒంటరిగా ఉంది. అచ్చు ఆకు పక్కన ఇంకో అచ్చు పడుతుంది. ఈ ఆకు కాడ వెనకాకు కొసని అందుకోవాలి. గజం గుడ్డలో అదే ఆకు వంద చోట్ల పడితే కంటికి విసుగు పుట్టకూడదు. అందుకే ఒక పక్కకి వంచుతారు. వంగిన ఆకుని తిరగేసి వేస్తే ఇంకో ఆకులా కనిపిస్తుంది. అందుకే అంచుకి రంపపు పళ్లు. అచ్చు ఓ నూలుపోగు అటూ ఇటూ పడ్డా పళ్లలో కలిసిపోతుంది. నేరుగా ఉన్న అంచయితే తప్పు పట్టిచ్చేస్తుంది.

ఇన్నాళ్లూ అదంతా పర్షియా సొగసు అనుకున్నాను. సగం చెక్క పెట్టిన షరతులన్నమాట!

రెండోసారి గీశాను. ఈనెలు ఐదుకి తగ్గించాను. కాడ వంచాను. పనికిమాలిన దిమ్మె ముక్క ఒకటిచ్చి చెక్కమన్నాడు. ముందు దిమ్మె ముఖం నున్నగా అరగదీసి, తెల్ల రంగు పూసి, దానిమీద బొమ్మ ఎక్కించాలి. బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండాలి. గీత ఎక్కడుందో అక్కడ చెక్క మిగలాలి, మిగిలిందంతా పావంగుళం పైనే లోతుకి తీసెయ్యాలి. చిన్న కొయ్య సుత్తితో ఉలి తల మీద తట్టడమే. ఆయన తడితే పొట్టు సన్నగా చుట్టలు చుట్టుకుని లేచింది. నేను తడితే మూడో ఈనె మొదలంటా లేచొచ్చింది.

‘‘ఎవరైనా నేర్చుకుంటున్నారా బాబాయ్ గారూ?’’ అన్నాను, చెయ్యి విదిలించుకుంటూ. కొడుకు హైదరాబాదులో ఉద్యోగమట. మేనల్లుడు నేర్చుకున్నాడు కానీ ఇప్పుడు కంప్యూటర్లో స్క్రీన్ డిజైన్లు చేస్తున్నాడట. ‘‘వాడు తెలివైనోడు’’ అన్నాడు. అందులో ఎకసెక్కమేం లేదు.

మరి ఆయన నాన్నగారి అచ్చులు? కొన్నిటిని సిటీ నుంచి వచ్చినవాళ్లు గోడలకి తగిలించుకోడానికి కొనుక్కుపోయారు. పగిలినవి రంగు కాగులకింద పొయ్యిలోకి పోయాయి. కొత్త ఆకులు ఉడకడానికి పాత ఆకులు కట్టెలయ్యాయన్నమాట. మా ఇంటి ఆకు అచ్చు కూడా అలాగే ఏదో డ్రాయింగు రూములోనో, ఏ పొయ్యిలోనో...

కాగులో కాసిన ఆకు

రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. ఈసారి బందర్లో గది తీసుకుని అవసరమైనన్ని రోజులుందామనే వెళ్లా. అచ్చు తయారైంది. చెక్కాక కొన్నాళ్లు నూనెలో నానబెట్టారట, వంకర తిరక్కుండా. చేతిలోకి తీసుకుంటే నల్లగా, బరువుగా, నూనె వాసన. దానిమీద ఆకు... అదే వంపు, అదే పళ్లు. నడిమి ఈనె మాత్రం తెగలేదు. మొదలు నుంచి కొస దాకా ఒకే గీత. నేను ఆ గీత మీద వేలు పెట్టి ఆయనకేసి చూశాను. ఆయన ‘గాలి’ గురించి మాట్లాడకుండా బయటికి చూస్తూ, ‘‘మా నాన్న అలాగే నేర్పాడు’’ అన్నాడు.

అచ్చులద్దే షెడ్డులో ఓ నలభై ఏళ్లావిడ పరిచయమైంది. నన్ను ‘చెల్లెమ్మా’ అని పిలిచింది. గుడ్డ అప్పటికే సిద్ధంగా ఉంది. మిల్లు గంజి పోయేలా ఉతికి, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేశారు. అందుకే లేత పసుపు. నలుపు ఎలా చేస్తారో తెలుసా? తుప్పు ఇనుమూ, బెల్లమూ, నీళ్లూ రెండు మూడు వారాలు పులియబెడతారు. ఆ నీళ్లు కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడగానే మన కళ్లముందే నల్లబడతాయి. ఎరుపు కావాల్సినచోట పటిక, జిగురు కలిపి అద్దుతారు. పటికకి సొంత రంగు లేదు. ఎక్కడ పడిందో తెలియడానికి కాస్త రంగు కలుపుకుంటారంతే. అంటే ఎరుపు వేసేటప్పుడు ఎరుపు కనిపించదు. నమ్మకం మీద అద్దుకుంటూ పోవాలి.

నా చేతికీ అచ్చిచ్చింది. అద్దాను, పెట్టాను, గుద్దాను. ఎత్తి చూస్తే కొస సగం పడలేదు. ‘‘అరచెయ్యి కాదు చెల్లెమ్మా, పిడికిలి. నెమ్మదిగా కాదు, ఒకేసారి.’’ పదిహేనో గుద్దుకి ఓ ఆకు పూర్తిగా పడింది. దాని కాడ పక్క కొమ్మని అందుకోకుండా వేలెడు దూరంలో ఆగిపోయింది. ఆవిడ ఆ ఖాళీలో ఓ మొగ్గ అచ్చు కొట్టి సర్దేసింది!

ఆరిన గుడ్డని కాలువలో జాడిస్తారు. ఇక్కడ నీళ్లు కదులుతూ ఉండాలి. నిలవ నీళ్లలో ముంచితే పట్టుకోని పటిక పక్కకి పాకి నేలంతా మరకలు చేస్తుంది. పారే నీళ్లయితే విడిచిందాన్ని విడిచినట్టే పట్టుకుపోతుంది. మోకాళ్లలోతు నీళ్లలో ఇద్దరు కుర్రాళ్లు గుడ్డని పారుదలకి వదిలి పట్టుకున్నారు. ఎండాకాలంలో కాలువ కట్టేస్తే ఈ పనికి తిప్పలే. కృష్ణ నీళ్లు వరికే కాదు, ఈ ఆకులకీ కావాలి.

ఆ తర్వాత రాగి కాగు. కట్టెల మంట మీద నీళ్లు మరుగుతుంటే ఎర్ర రంగూ, గుప్పెళ్లకొద్దీ జాజాకూ వేశారు. పూర్వం చిరివేరు, మంజిష్ఠ వేళ్లు వాడేవాళ్లు. ఇప్పుడు ఎక్కువగా అలిజరినే. మంజిష్ఠ జాతి వేళ్లలో ఉండే ఎరుపునే 1868లో ప్రయోగశాలలో తయారుచేశారు. గుడ్డని కర్రలతో తిప్పుతూ ఉంటే, ఏమీ లేనట్టున్న చోట నుంచి ముదురు ఎర్రటి అంచులు ఒక్కొక్కటే తేలాయి. ముందు కాండం, తర్వాత పూలు, ఆ తర్వాత నా ఆకు. కంటికి కనిపించనిదాన్ని గుద్ది వచ్చి, ఆనక అది ఆకై బయటపడుతుంటే చూడటం... ఆ ఆవిరిలో ముఖం మండుతున్నా పక్కకి జరగబుద్ధి కాలేదు.

నీలం, పసుపు చివర్లో. ఆవిడ నీలం అచ్చు కొట్టుకుంటూ పోతుంటే కొత్త దుప్పటి కాసేపు అచ్చం అమ్మమ్మ దుప్పటిలా మారింది. ఎర్ర అంచు, నీలం ఆకులు. ఇంకేం వెయ్యకండి అనబోయి ఊరుకున్నాను. పసుపు పడింది. చెట్టంతా ఆకుపచ్చ.

గిన్నెలో ఇంకా పసుపు మిగిలింది. ‘‘పాతదానికీ ఓ చెయ్యి వేసెయ్యనా? గంట పని’’ అంది ఆవిడ. అమ్మ కోరిందీ అదే. బల్ల మీద రెండు దుప్పట్లూ పక్కపక్కన ఉన్నాయి. పెద్దాయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. ‘‘వేసినా పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో, మళ్లీ పోద్ది. ఈ కొత్తదీ అంతే’’ అని మాత్రం అన్నాడు.

చివికిన గుడ్డ మళ్లీ తడికీ ఉతుకుకీ ఆగదు అనే కారణం ఉంది నా దగ్గర. నిజమైన కారణం అది కాదు. ఆ ఆకులు పచ్చబడితే మూడో తరగతిలో నేను చూసింది ఏదీ మిగలదు. వద్దన్నాను. అమ్మకి ఫోన్లో గుడ్డ సంగతి మాత్రమే చెప్పాను. ఓ పూట అలిగింది.

చెల్లికి ఆడపిల్ల. 21వ రోజు బారసాల. ముందురోజు రాత్రి అమ్మ కొత్త దుప్పటికి అంచులు కుట్టడానికి మిషను ముందు కూర్చుంది. ఎప్పుడూ వేలెడు మడతపెట్టే మనిషి, ఒక పక్క మాత్రం జానెడు మడిచి గుండుసూదులు గుచ్చుకుంటోంది. ‘‘అంత మడతేంటమ్మా, పొట్టిదైపోతుంది’’ అన్నాను. నాకేసి చూడకుండా, ‘‘పూర్తి ఆకొకటి లోపలికి రావాలిగా’’ అంది. ఇంకో సూది గుచ్చి, టేపు తెమ్మంది.